తాడాట: అమ్మల భయాలు, అసలు చూసుకోవాల్సినవి

అపోహ: ఆడపిల్లలు స్కిప్పింగ్ చేస్తే గర్భసంచి జారిపోతుంది.

హైస్కూల్లో వ్యాయామం నేర్పే నాకు ఈ మాట వినపడని ఏడాది లేదు. మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి వచ్చి, "మేడమ్, మా పిల్ల పెద్దమనిషి అయింది, ఇక గెంతించకండి" అన్నారు. పక్కనే ఆ పిల్ల తాడుని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

వాస్తవం: గర్భసంచిని కటి భాగంలోని కండరాలు, లిగమెంట్లు అనే గట్టి పట్టీలు పట్టి ఉంచుతాయి. అవి సడలేది ముఖ్యంగా కాన్పుల వల్ల, వయసు వల్ల. ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, రోజూ బరువులు మోయడం కూడా కారణాలే. ఆరోగ్యంగా ఉన్న పిల్ల తాడు గెంతితే ఏదీ జారదు. పైగా ఎముకలు గట్టిపడే వయసు ఇదే. నేలను తాకే ఆ చిన్న చిన్న అదురులే వాటికి బలం. నెలసరి రోజుల్లోనూ ఓపిక ఉంటే గెంతొచ్చు, నొప్పిగా ఉంటే మానేయొచ్చు. జాగ్రత్త కావాల్సింది కొత్తగా కాన్పయిన తల్లులకు. గెంతినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నా, కింద బరువుగా అనిపించినా ఆపేసి డాక్టరుకి చూపించుకోవాలి.

అపోహ: మోకాళ్లు అరిగిపోతాయి.

నేను పిల్లల కాళ్లకంటే ముందు చప్పుడు గమనిస్తాను. "ధబ్ ధబ్"మంటే ఎత్తుగా ఎగిరి మడమల మీద పడుతున్నారని అర్థం. పాదం ముందు భాగం మీద, మోకాళ్లు కాస్త వంచి దిగితే చప్పుడే ఉండదు. తాడు దూరడానికి అంగుళం ఎత్తు చాలు. నిజంగా దెబ్బతినేది పిక్కలు, మోకాలి కింద కాలి ముందు భాగం, అదీ మొదటి రోజే 500 గెంతేవాళ్లకి. 30 సెకన్లు గెంతు, 30 సెకన్లు ఆగు. ఇలా పదిసార్లు, రోజు విడిచి రోజు చేస్తే మొదట్లో సరిపోతుంది. డాబా మీద సిమెంటు గచ్చయితే బూట్లు తప్పనిసరి, మట్టి నేల ఇంకా మేలు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, బాగా ఎక్కువ బరువు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి.

పొట్ట ఒక్కటే కరుగుతుందా? కరగదు. కొవ్వు ఒంటి మొత్తం మీద తగ్గాల్సిందే. నిమిషానికి 100-120 చొప్పున పది నిమిషాలు గెంతితే 60 కిలోల మనిషికి దాదాపు 120 కేలరీలు ఖర్చవుతాయి, ఇంచుమించు రెండు ఇడ్లీలు. చట్నీ లెక్క వేరే! అయినా గంటకు 8 కిలోమీటర్ల పరుగుకంటే ఇది ఎక్కువ శ్రమే. గుండెకి, ఊపిరికి అంత మంచి పని చాప వేసుకునేంత చోటులో అయిపోతుంది.

ఎత్తు పెరుగుతారా అంటే, లేదు.

ఎవరూ పట్టించుకోనిది తాడు పొడవు. మధ్యలో ఒక కాలితో తొక్కిపట్టి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. ఎక్కువైతే చేతులు బార్లా చాపి భుజాలతో తిప్పుతారు, తిప్పాల్సింది మణికట్లతో. ఆ అమ్మాయి తాడూ తల దాటి పోతోంది. వాళ్లమ్మకి ఇదంతా చెబుతూనే ఒక్కో పిడి దగ్గరా ఒక్కో ముడి వేసి ఇచ్చాను. వాళ్లమ్మ ఎదురుగానే 40 గెంతింది, చప్పుడు లేకుండా.