పండుగొప్ప పిల్ల సద్దిమూట

కళింగపట్నం

మా గుంటలిద్దరికీ తాతయ్య దీవెనలు.

మొన్న మీ మావయ్య వంశధార మొగ దగ్గర పట్టిన పండుగొప్పను కోసినప్పుడు, కడుపులో జన చూసి “ఇన్ని గుడ్లుంటే సముద్రం నిండా పండుగొప్పలే ఉండాలి కదా తాతా” అన్నారు. నా ధ్యాస కూర మీద ఉంది, దాటేశాను. చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ని, చెప్పకపోతే ఎలా?

ఆ గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. అద్దంలాంటి గుడ్డు లోపల ఒక్క నూనెబొట్టు మెరుస్తుంది. ఆ బొట్టూ, సొనా కలిసి తల్లి కట్టిచ్చిన సద్దిమూట. మూటలో ఏముందో తల్లి అంతకు ముందు నెలల తరబడి తిన్న తిండిని బట్టి ఉంటుంది. నాసిరకం మేత వేసినా గుడ్లయితే లక్షల్లోనే పెట్టొచ్చు, పిల్లలే నిలవవు. అందుకే తల్లి తొట్టెకి తాజా కవళ్ల చేపలు వేసేవాళ్లం. వాటి నూనెలో డీహెచ్‌ఏ అనే కొవ్వు ఉంటుంది, పిల్ల కంటికీ మెదడుకీ అది కావాలి.

మంచి గుడ్డు ఉప్పునీళ్లలో తేలుతుంది, పాడుది తెల్లబడి అడుక్కి పోతుంది. దీన్ని గుడ్డిగా నమ్మి ఒకసారి చీవాట్లు తిన్నాను. వానలకి తొట్టెలో ఉప్పు తగ్గి గుడ్లన్నీ అడుగున చేరాయి. పారబోయబోతుంటే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, చెంబుడు గుడ్లు ఉప్పెక్కువున్న నీళ్లలో వేయించాడు. నిమిషాల్లో పైకొచ్చేశాయి! నీళ్ల తప్పుకి గుడ్లకి శిక్ష వేయబోయాను.

28-30 డిగ్రీల నీళ్లలో 16-18 గంటలకి పిల్ల బయటికొస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుందంతే. నోరు తెరుచుకోదు, కళ్లకి నలుపు రాదు. మూట కరిగించుకుంటూ నీళ్లలో వేలాడుతుంది. మూడో రోజుకి నోరు తెరుచుకుంటుంది, అదే వేళకి మూట దాదాపు ఖాళీ అవుతుంది. అప్పుడు దాని నోట పట్టేంత చిన్న జీవి, రోటిఫర్, కళ్లెదుట ఉండాలి. ఆలస్యమైతే తర్వాత చుట్టూ కుమ్మరించినా వేటాడే సత్తువ మిగలదు. ఆ రాత్రులు నాకు నిద్ర ఉండేది కాదు. పిల్లల పొట్టలు నిండాయా లేదా అని మైక్రోస్కోపు ముందే కూర్చునేవాణ్ని. మరి సముద్రంలో ఆ వేళకి ఎవరు వడ్డిస్తారు? మీ ప్రశ్నకి జవాబు సగం ఇక్కడే ఉంది. మిగతా సగం, ఆ పిల్లల్ని తినేవాళ్ల పొట్టల్లో.

ఆ దశ దాటినా గండాలు తీరవు. పిల్ల నీటి పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి గాలితిత్తి నింపుకోవాలి, పైన నూనె తెట్టు ఉంటే మింగలేదు, వెన్ను వంకరపోతుంది. మూడు వారాలకి తోబుట్టువులనే మింగడం మొదలెడతాయి, జల్లెడ పట్టి సైజుల వారీగా విడదీయాల్సిందే. (మీ ఇద్దరి గొడవలు గుర్తొచ్చేవి.)

మన దేశంలో పండుగొప్పను తొట్టెల్లో మొదటిసారి గుడ్లు పెట్టించగలిగింది 1997లో, చెన్నైలో ఉప్పునీటి చేపల పెంపకం మీద పరిశోధన చేసే సీబా సంస్థలో. ఇంకో చిత్రం, ఈ చేప ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్లకి ఆడదవుతుంది. దాని సంగతి దసరాకి చెప్తాను.

ఈలోగా గ్లాసుడు నీళ్లలో కోడిగుడ్డు వెయ్యండి, మునుగుతుంది. చెంచా చెంచా ఉప్పు కలుపుతూ చూడండి. ఎన్ని చెంచాలకి తేలిందో ఫోనులో చెప్పండి. గుడ్డు మాత్రం అమ్మనడిగి తీసుకోండి.

మీ తాతయ్య