మందులు అయిపోయాయి, మామ్మ ఇంకా రైల్లోనే ఉంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా మామ్మకి 79 ఏళ్లు. పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూచుని "ఒరే, గుణుపూర్ బండి ఎల్లిపోనాదేటి?" అంది. ఆవిడ అడిగింది ఇప్పటి బండి కాదు, నౌపడా నుంచి 1900లో మొదలైన చిన్న లైను మీద తిరిగిన పాత బండి, దాన్ని 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. సాయంత్రానికి నన్ను చూసి తాతయ్య తమ్ముడనుకుంది, రాత్రంతా నిద్రపోకుండా దుప్పటి మీద ఏవో ఏరుతూనే ఉంది. పక్కింటావిడ గాలి సోకిందన్నారు, బాబాయి మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. రెండూ కాదు, యూరిన్ ఇన్ఫెక్షన్.

మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్లు పట్టి మెల్లగా వస్తుంది. ఇన్ఫెక్షన్‌తో వచ్చే ఈ తికమక ఒకట్రెండు రోజుల్లో ముంచుకొస్తుంది, పొద్దున బాగానే ఉన్న మనిషి చీకటి పడేసరికి మారిపోతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు, లాటిన్‌లో లీరా అంటే నాగటి చాలు, చాలు తప్పిపోవడమన్నమాట. మన పెద్దాళ్ల సంధి ప్రేలాపన కూడా ఇదే బాపతు. ఇందులో ముందు పోయేది జ్ఞాపకం కాదు, ధ్యాస. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలోనే తప్పిపోతారు. కాకపోతే ఆ ప్రశ్న ఇంటి భాషలో అడగాలి, మా వైపు ఆస్పత్రిలో ఒడియాలో అడిగితే మామ్మ ఆరోగ్యంగా ఉన్న రోజు కూడా బిత్తరపోతుంది.

ఇన్ఫెక్షన్ చేసేది ఎక్కువసార్లు ఈ.కొలై, 1885లో ఎషెరిష్ అనే డాక్టరు కనిపెట్టిన పేగుల బాక్టీరియా. సన్నటి కొక్కేల్లాంటి వాటితో మూత్రాశయం గోడకి అతుక్కుంటుంది. ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది, ముట్లు ఆగాక హార్మోన్ తగ్గి కాపలా కాసే మంచి బాక్టీరియా కూడా తగ్గిపోతుంది, దానికి తోడు వయసుతో దాహం తెలియడం మానేస్తుంది. మగవాళ్లకి ప్రోస్టేట్ పెరిగి మూత్రం నిలవుండిపోవడం ఒక కారణం.

మరి పొత్తికడుపులో పురుగుకీ (అదే, ఆ బాక్టీరియాకి) తలకాయకీ ఏం సంబంధం? మామూలుగా పురుగు మెదడులోకి పోదు. దానితో పోరాడే కణాలు సైటోకైన్లు అనే రసాయనాలు వదుల్తాయి, అవి రక్తంలో తిరిగి మెదడులోని రక్షక కణాల్ని రెచ్చగొడతాయి, ముసలి మెదడుకి ఆ అలజడి తట్టుకునే శక్తి తక్కువ. ఎలుకల్లో ఐఎల్-6 అనే సైటోకైన్‌ని అడ్డుకుంటే ఇలాంటి లక్షణాలు తగ్గాయి.

అందుకే పురుగు చచ్చినంత మాత్రాన మెదడు అదే రోజు సర్దుకోదు. ఇది నాకు తెలీక, మందుల కోర్సు అయిపోయిన మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంకా పవర్ఫుల్ యాంటీబయాటిక్ రాయండి సార్ అని గొడవపడ్డాను. ఆయన రాయలేదు. మంట లేదు, జ్వరం లేదు, మూత్రం బాగానే అవుతోంది, ఇక మిగిలింది మెదడు సర్దుకోవడం, దానికి రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు, కొందరికి నెలలు అన్నారు. మామ్మ వేసుకుంటున్న జలుబు మాత్ర మాత్రం మాన్పించారు, పాత రకం జలుబు మాత్రలు ఈ గందరగోళాన్ని పెంచుతాయట. ఇంకేం చేయాలంటే అన్నీ ఇంటి పనులే. కళ్లజోడు పెట్టాలి, పగలు కిటికీ తీసి వెలుతురు రానివ్వాలి, రాత్రి లేపకూడదు, మలబద్ధకం చూసుకోవాలి, కట్టేయకూడదు, వాదించకూడదు. నీళ్లు తాగమంటే తాగదు గానీ చోడి (రాగి) అంబలి ఇస్తే రెండు గ్లాసులు లాగించేది.

ఇంకోటి, ముసలాళ్లు తికమకపడితే ప్రతిసారీ యూరిన్ మీద నెట్టేయడం కూడా తప్పే. ఏ జబ్బూ లేకుండానే చాలామంది వృద్ధుల మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. మంట, జ్వరం లాంటివేవీ లేకపోతే ముందు వేరే కారణాలు వెతకమని 2019లో అమెరికా ఇన్ఫెక్షన్ డాక్టర్ల సంఘం చెప్పింది. సోడియం పడిపోయినా, న్యుమోనియా వచ్చినా, కొత్త మాత్ర పడకపోయినా ఇలాగే ఉంటుంది. మూతి వంకర పోతే అది పక్షవాతం కావచ్చు, క్షణం ఆగకూడదు. చలి జ్వరంతో వణుకుతున్నా, లేపినా లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడొద్దు. అరవకుండా మూల ముడుచుకుని పడుకునే రకం ఇంకా ప్రమాదం, నిద్రపోతోందిలే అని వదిలేస్తాం.

మూడో వారానికి మామ్మ సాయంత్రాలు కూడా కుదుటపడింది. ఈ గండం గడిచినవాళ్లందరూ అంతా మరిచిపోరు, కొందరికి ముక్కలు ముక్కలుగా గుర్తుండి సిగ్గుపడతారు, కాబట్టి చుట్టాల ముందు ఆ కథలు చెప్పి నవ్వకండి. ఓ రాత్రి అన్నం తింటూ నెమ్మదిగా "నానేటైనా తప్పుగా మాటాడినానేటిరా?" అంది. గుణుపూర్ బండి గురించి అడిగావు మామ్మా అన్నాను.

కాసేపు ఊరుకుని, "మరి టికెట్టు తీసినావేటి?" అంది.