విమానం ఆగకముందే ఎందుకు లేస్తారు?

2025 మే నెలలో టర్కీ పౌర విమానయాన శాఖ కొత్త సర్క్యులర్ ఒకటి అమల్లోకి తెచ్చింది. విమానం పార్కింగ్ చోటికి చేరి పూర్తిగా ఆగకముందే బెల్టు విప్పినా, లేచి నిలబడినా, సీటు పైనున్న సామాను అర తెరిచి బ్యాగు లాగినా సిబ్బంది ఆ ప్రయాణికుడి వివరాలు రాసి పంపాలి. జరిమానా సుమారు 70 డాలర్లు ఉంటుందని పత్రికలు రాశాయి. ఇందులో పెద్ద వింతేమీ లేదు. కదులుతున్న విమానంలో లేవకూడదన్నది అందరూ వినే పాత మాటే. వింతంతా ఆ పక్కనే ఉంది. ముందున్నవాళ్లు, పక్కనున్నవాళ్లు దిగే వంతును గౌరవించాలని కూడా ప్రయాణికులకు చెప్పమన్నారు. ముందు వరుస ముందు దిగాలి అన్న మర్యాద ఇన్నేళ్లూ ఎవరూ రాయకుండానే నడిచింది. దాన్ని ఒక ప్రభుత్వం కాగితం మీద పెట్టడం మాత్రం అరుదు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకటే వ్యాఖ్య: ‘‘మనోళ్లకి విమానం ఎక్కినా బస్సు బుద్ధి పోదండీ.’’ ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపిన తరాలు మనవి, కాబట్టి నిజమేననిపిస్తుంది. కానీ అదే తోపులాట ఇస్తాంబుల్లో ఉంది, షికాగోలో ఉంది. అక్కడెవరూ కర్చీఫులు వేస్తూ పెరగలేదు. నన్నడిగితే ఇందులో బుద్ధి పాత్ర తక్కువ, బ్యాగు పాత్ర ఎక్కువ.

మొదట్లో విమానం దిగడం ఒక సమస్యే కాదు. నిజాం కాలంలో బేగంపేట నుంచి ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్ వాళ్లవి డకోటాలు. తోక నేలకు ఆనుకుని, ముక్కు ఆకాశం వైపు చూస్తూ నిలబడే విమానం అది. నేలకు దగ్గరగా ఉండేది వెనక భాగమే కాబట్టి ప్రయాణికుల తలుపు అక్కడే పెట్టారు. లోపల ఉండేదే పాతిక ముప్ఫై మంది. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1964లో వచ్చిన జెట్ విమానం కారవెల్‌కు కూడా తోక కిందే మెట్లుండేవి. అంటే ముందు వరుస ముందు దిగాలన్నది విమానంతో పాటు పుట్టిన నియమం కాదు. తలుపు ఎటుంటే అటువాళ్లు ముందు, అంతే. ఇప్పటికీ కడపకో రాజమండ్రికో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. ఆ విమానం ముందు భాగం సామాన్లకు పోతుంది, ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది. చివరి వరుస వాళ్లు దర్జాగా ముందు దిగిపోతుంటే, ఒకటో వరుస పెద్దమనిషి మెడ వెనక్కి తిప్పి చూస్తుంటాడు.

ఈ లెక్కను ముందువైపుకి తిప్పింది ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా సాగే నడక వంతెన. 1950ల చివర్లో అమెరికాలో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల్లో మొదలై ప్రపంచమంతా పాకింది. వాన తడవకుండా, ఎండ తగలకుండా నేరుగా టెర్మినల్లోకి నడిచిపోవచ్చు. సౌకర్యమే, కాదనలేం. కాకపోతే చిన్న విమానాల్లో అందరూ ముందు ఎడమవైపున్న ఒక్క తలుపు గుండానే బయటికి రావాలి. మెట్లు వేసే రోజుల్లో ముందూ వెనకా రెండు తలుపులూ తెరిచే వీలుండేది, అది పోయింది. మనలో చాలామందికి ఏరోబ్రిడ్జి మామూలు సంగతైంది 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాకే. తలుపు దగ్గరి వరుసలకు గిరాకీ పుట్టేసరికి విమానయాన సంస్థలు వాటికి విడిగా రేటు కట్టాయి. ఇప్పుడు ముందు వరుస సీటుకు అదనంగా డబ్బు కట్టినవాడు కొన్నదానిలో ముందుగా దిగే హక్కు కూడా ఉందనుకుంటాడు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఇక బ్యాగు. ఒకప్పుడు సీట్ల పైన ఉండేవి తలుపుల్లేని సన్నటి అరలు. టోపీలు, కోట్లు పెట్టుకోవడానికి చేసినవి. పెట్టెలన్నీ కింద లగేజీలోకే వెళ్లేవి. 1970లో బోయింగ్ 747 లాంటి పెద్ద విమానాలు వచ్చాక తలుపులున్న అరలు వచ్చాయి. అదే కాలంలో అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయన పెట్టెకు నాలుగు చక్రాలు బిగించి, పట్టీతో లాగేలా చేసి, 1972లో పేటెంట్ తీసుకున్నాడు. దుకాణాలవాళ్లు మొదట పట్టించుకోలేదు. అసలు మలుపు 1987లో వచ్చింది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ పెట్టెను నిలువుగా నిలబెట్టి, రెండు చక్రాలు వేసి, పైకి లాగే పొడుగు హ్యాండిల్ పెట్టాడు. ముందు తోటి పైలట్లకు, ఎయిర్‌హోస్టెస్‌లకు అమ్మాడు. వాళ్లు టెర్మినల్లో టకటకా లాక్కుంటూ పోతుంటే చూసి ప్రయాణికులు తమకూ కావాలన్నారు. మనం ట్రాలీ బ్యాగు అంటున్నది దాన్నే. దిగాక లగేజీ బెల్టు దగ్గర కాచుకోకుండా సామాను చేతిలోనే ఉంచుకోవచ్చన్న ఆశను మామూలు జనానికి పుట్టించింది ఈ బ్యాగే.

ఫలితం లెక్కల్లో కనబడింది. 1970తో పోలిస్తే ప్రయాణికులు విమానం ఎక్కే వేగం సగానికి పైగా పడిపోయిందని, కొన్నిచోట్ల నిమిషానికి తొమ్మిది మందికి దిగిందని 1990ల చివర్లో బోయింగ్ ఇంజినీర్లు తేల్చారు. వాళ్లు చెప్పిన కారణాల్లో చేతి సామాను పెరగడం ఒకటి. ఎక్కేటప్పుడు పైకి నెట్టిన ప్రతి పెట్టెనూ దిగేటప్పుడు కిందికి దించాలి కదా.

దీని మీద 2008 ఇంకో దెబ్బ వేసింది. ఆ ఏడాది చమురు ధర చుక్కలనంటింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెక్-ఇన్ పెట్టెకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. మిగతా సంస్థల్లో చాలావరకు అదే దారి పట్టాయి. కింద వేస్తే డబ్బు, పైన పెడితే ఉచితం అంటే జనం ఏం చేస్తారో చెప్పనక్కర్లేదు. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్‌తో చౌక విమానాల కాలం మొదలైంది. ఇప్పుడు దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోల చెక్-ఇన్, ఏడు కిలోల హ్యాండ్ బ్యాగు. ఆ ఏడు కిలోలు కాగితం మీద లెక్క. భుజాన లాప్‌టాప్ సంచి వేరు, చేతిలో పూతరేకుల డబ్బా వేరు. పూతరేకుల్ని కింద లగేజీలో వేస్తే పొడి తప్ప మరేమీ మిగలదు కాబట్టి ఆ డబ్బా మీద మాత్రం నాకు సానుభూతే.

సామాను పెరిగింది, మనుషులూ పెరిగారు. నడవా మాత్రం అంతే ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989లో ఎయిర్‌బస్ ఏ320 విమానాలు తెచ్చినప్పుడు బిజినెస్ క్లాసు కలుపుకుని సుమారు 145 సీట్లుండేవి. అదే ఏ320లో ఇండిగో 180, తర్వాత 186 సీట్లు వేసింది. అమెరికా నిబంధనల ప్రకారం పెద్ద విమానంలో నడవా నేల దగ్గర కనీసం 15 అంగుళాలు, 25 అంగుళాల ఎత్తు దాటాక 20 అంగుళాలు ఉంటే చాలు. 35 సెంటీమీటర్ల, అంటే సుమారు 14 అంగుళాల ట్రాలీ బ్యాగును అందులో నిలబెడితే ఇక పక్కనుంచి పిల్లి కూడా పోలేదు. కాబట్టి 28వ వరుసలో లేచి నిలబడ్డవాడు ఎంత తొందరపడినా పోయేచోటు లేదు. మరి ఎందుకు లేస్తాడు? రెండు గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి కాళ్లు చాపుకోవాలి. తన తల మీద అర నిండిపోయి ఉంటే అతని బ్యాగు ఐదు వరుసల వెనక ఎక్కడో ఉంటుంది. జనం కదలకముందే అక్కడికి చేరకపోతే అందరూ దిగేదాకా కూర్చోవాలి. చూసేవాళ్లకు తోసుకుపోవడం లాగే కనిపిస్తుంది గానీ అతని టెన్షన్ అతనిది.

దిగడంలో అయ్యే ఈ ఆలస్యం గురించి విమానయాన సంస్థలకు పట్టింపు లేదనుకోవద్దు. 1972లో అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ డబ్బుల్లేక నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుంది. ఉన్న మూడింటితోనే నాలుగింటి షెడ్యూలు నడపడానికి పది నిమిషాల్లో విమానాన్ని ఖాళీ చేసి, నింపి, పంపడం నేర్చుకుంది. చౌక విమానాల వ్యాపారమంతా ఆ పాఠం మీదే నిలబడింది. 2022 ఆగస్టులో ఇండిగో మూడు చోట్ల నుంచి దించే పద్ధతి ప్రకటించింది. ముందు రెండు తలుపులకు, వెనక ఒకదానికి ర్యాంపులు పెడతారు. ఏ320 కన్నా పొడవైన ఏ321 ఖాళీ కావడానికి మామూలుగా 13, 14 నిమిషాలు పడుతుందని, ఇలా చేస్తే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుందని సంస్థ అప్పుడు చెప్పింది. బాగానే ఉంది. కాకపోతే ఈ పద్ధతి టెర్మినల్‌కు దూరంగా ఆగే విమానాలకు. కింద బస్సుంటుంది. అందరికంటే ముందు దిగి పరుగెత్తినవాడు బస్సు లోపలి మూలకు చేరతాడు, బస్సు నిండేదాకా కదలదు. చివర్లో తాపీగా ఎక్కినవాడు డోరు దగ్గర నిలబడి టెర్మినల్ దగ్గర ముందు దిగుతాడు.

అన్ని సీట్లూ నిండిన విమానాన్ని సగం తలుపులు మూసి ఉంచి కూడా 90 సెకన్లలో ఖాళీ చేయగలగాలన్నది 1967 నుంచి అమెరికాలో ఉన్న భద్రతా పరీక్ష. జారుడు బల్లలు, పరుగు, సిబ్బంది కేకలు అన్నీ ఉంటాయి నిజమే. అయినా 13 నిమిషాలకూ 90 సెకన్లకూ మధ్య ఉన్న పెద్ద తేడాల్లో ఒకటి చేతిలో బ్యాగు లేకపోవడం. నిజంగా ప్రమాదం జరిగినప్పుడు మాత్రం జనం ఆ బ్యాగును వదలడం లేదు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో నేలకు కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. లోపల పొగ కమ్ముతుంటే కొందరు పై అరలు తెరిచి సామాను దించుకుంటున్న వీడియో అందరూ చూశారు. అందులోని 300 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు.

వరుస ప్రకారం దిగడం మనవల్ల కాదన్న మాటకు 2020లోనే జవాబు దొరికింది. కరోనా వల్ల ఆగిన దేశీయ విమానాలు ఆ ఏడాది మే 25న మళ్లీ మొదలయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో మరుసటి రోజు నుంచి. గుంపు కాకుండా వరుసగా దిగాలని కేంద్రం చెప్పింది. సిబ్బంది వరుసల నంబర్లు పిలిచి దించారు, జనం కూర్చున్నారు కూడా. భయం పోయాక పిలుపూ పోయింది. నిజానికి వరుస పద్ధతి అన్నిటికన్నా వేగమైనదేం కాదు. నడవా పక్క సీట్లన్నీ ముందు, తర్వాత మధ్యవి, చివర్లో కిటికీవి దించితే త్వరగా అవుతుందని పరిశోధకుల కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. కానీ కిటికీ దగ్గర పిల్లాడిని వదిలేసి నడవా పక్కనున్న తల్లి ముందు దిగిపోతుందా?

మినహాయింపులు కూడా నోటి మీదే నడుస్తాయి. 1978లో అమెరికా విమాన చార్జీల మీద, రూట్ల మీద నియంత్రణ ఎత్తేశాక సంస్థలు పెద్ద విమానాశ్రయాలను కూడళ్లుగా చేసుకున్నాయి. కనెక్టింగ్ ఫ్లైట్ కోసం గేటు నుంచి గేటుకు పరుగెత్తడం అప్పటినుంచి మామూలైంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో డాలస్ వెళ్లేవాళ్లకు ఆ పరుగు బాగా తెలుసు. ‘‘నెక్స్ట్ ఫ్లైట్ మిస్సవుతుందండీ, కొంచెం దారివ్వండి’’ అంటే చాలామంది ఇస్తారు. ఇవ్వనివాళ్లను అడిగే రూలేదీ లేదు. పిల్లలు అమెరికాలో ఉన్న మన అమ్మానాన్నల్లో చాలామంది నడవగలిగినా వీల్‌చెయిర్ బుక్ చేయించుకుంటారు, దారి తెలియక, ఇంగ్లీషుకు భయపడి. వాళ్లు అందరికంటే ముందు ఎక్కుతారు, అందరికంటే చివర దిగుతారు. వీల్‌చెయిర్ వచ్చేదాకా ఖాళీ విమానంలో పాస్‌పోర్టు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది వాళ్లే.

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో గొడవ చేసే ప్రయాణికులను కొంతకాలం విమానం ఎక్కనివ్వని నో-ఫ్లై నిబంధనలు తెచ్చింది. నోటి దురుసుకు మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాపాయం తెస్తే రెండేళ్లు, ఆపైన. దిగే వరుస తప్పడం అందులో విడిగా ఎక్కడా లేదు. తయారీదారులు మాత్రం అరలు పెంచుతూ పోతున్నారు. నాలుగు బ్యాగులు పట్టేచోట ఆరు పట్టే అరలను బోయింగ్ 2015 నుంచి 737లలో ఇస్తోంది. ఇంకోవైపు, చేతి సామానుకు డబ్బు వసూలు చేయడం లాంటి పద్ధతుల మీద స్పెయిన్ 2024 నవంబరులో ఐదు చౌక విమానయాన సంస్థలకు 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. సంస్థలు కోర్టుకెక్కాయి. పైన పెట్టే పెట్టె ఉచితమన్న వాదన గెలిస్తే ప్రయాణికుడికి డబ్బు మిగులుతుంది. అరల్లోకి ఇంకొన్ని పెట్టెలు చేరతాయి, వాటిని దించుకోవడానికి ఇంకొందరు లేచి నిలబడతారు.