కొన్నది కరెంటు, ప్యానెల్స్ కాదు: డీసీఆర్ వెనక ఉన్న కథ

ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని కనుక్కుంటే ఇప్పుడు చాలాచోట్ల కోటేషన్‌లో రెండు రేట్లు చెబుతున్నారు. డీసీఆర్ ప్యానెల్స్‌కు ఒకటి, నాన్-డీసీఆర్‌కు ఇంకొకటి. డీసీఆర్ వాటికే రేటు ఎక్కువ. కానీ పీఎం సూర్యఘర్ సబ్సిడీ, అంటే 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, రావాలంటే అవే పెట్టించుకోవాలి. సెల్ (ఎండను కరెంటుగా మార్చే చిన్న పలక), మాడ్యూల్ (ఆ సెల్స్‌ను కూర్చిన ప్యానెల్) రెండూ మన దేశంలోనే తయారై ఉండాలన్నదే డీసీఆర్, అంటే డొమెస్టిక్ కంటెంట్ రిక్వైర్‌మెంట్, షరతు. ఆ మాట అర నిమిషంలో చెప్పేసి నెట్ మీటర్ సంగతిలోకి వెళ్లిపోతారు. ఆ షరతు కోసమే భారత్ జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో మూడున్నరేళ్లు వాదించి ఓడిపోయింది.

2010 జనవరిలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ మొదలుపెట్టింది. 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యం. అప్పట్లో సోలార్ కరెంటు ఖరీదైన సరుకు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్క కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. అదే సంవత్సరం చివర్లో తొలి టెండర్లు తెరిస్తే అతి తక్కువ కోట్ 10 రూపాయల 95 పైసలు. ఇంత ఖరీదైన కరెంటును 25 ఏళ్లపాటు కొంటామని జనం సొమ్ముతో మాట ఇస్తున్నప్పుడు, అందులో కొంతైనా ఇక్కడి ఫ్యాక్టరీలకు, ఇక్కడి ఉద్యోగాలకు చేరాలని అనుకోవడంలో తప్పేముంది? అందుకే మొదటి విడతలో సిలికాన్ మాడ్యూల్స్ దేశీయంగా తయారై ఉండాలన్నారు. రెండో విడతలో సెల్స్ కూడా ఇక్కడివే కావాలన్నారు.

ఆ షరతులో ఒక కన్నం ఉండిపోయింది. థిన్ ఫిల్మ్ అనే వేరే రకం ప్యానెల్స్‌కు మినహాయింపు ఇచ్చారు. అమెరికా కంపెనీల బలం సరిగ్గా ఆ రకంలోనే ఉంది. పైగా ఎగుమతులకు అప్పులిచ్చే అక్కడి ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్, వాళ్ల సరుకు కొంటే తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. దాంతో సోలార్ ప్లాంట్లు కట్టే డెవలపర్లు చాలామంది అటే మొగ్గారు. దేశీ సెల్ తయారీదారులకు ఆర్డర్లు రాలేదు. తర్వాతి దశలో, 750 మెగావాట్ల టెండర్‌లో సగాన్ని, అంటే 375 మెగావాట్లను, దేశీ సరుకుకు కేటాయించి ఆ కన్నం మూశారు. కానీ అమెరికా 2013 ఫిబ్రవరిలోనే డబ్ల్యూటీవోలో ఫిర్యాదు పెట్టేసింది. కొత్త టెండర్‌ను 2014 ఫిబ్రవరిలో దానికి జోడించింది.

ఇంట్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు. 2014 మేలో వాణిజ్య శాఖ అమెరికా, చైనా, తైవాన్, మలేషియా సెల్స్‌పై యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి కుమ్మరించే సరుకును అడ్డుకునే పన్ను) వేయాలని సిఫారసు చేసింది. ఆగస్టులో గడువు ముగిసే దాకా ఆర్థిక శాఖ దాన్ని నోటిఫై చేయకుండా వదిలేసింది. సుంకం వేస్తే కరెంటు ధర పెరుగుతుంది, వేయకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఈ రెండింటి మధ్య నలిగినవాళ్ల గురించి ఫైళ్లలో ఒక్క పేరు కూడా ఉండదు.

జెనీవాలో వాదన దేని మీద తిరిగిందో చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. దేశీ సరుకుకు, విదేశీ సరుకుకు తేడా చూపకూడదన్నది గాట్ అనే 1947 నాటి ప్రపంచ వాణిజ్య ఒప్పందంలోని మూడో అధికరణం. దాని మీద తొలుత సంతకం పెట్టిన 23 దేశాల్లో మనమూ ఉన్నాం. ప్రభుత్వం తన అవసరాలకు కొనే వస్తువులకు మాత్రం అదే అధికరణంలో మినహాయింపు ఉంది. భారత్ దాన్నే పట్టుకుంది. ప్రభుత్వ సంస్థ ఎన్‌వీవీఎన్ ఈ కరెంటు కొంటోంది కదా, కాబట్టి ఇది ప్రభుత్వ కొనుగోలే అంది. తీర్పు చెప్పినవాళ్లు మాత్రం ఇలా చూశారు: ప్రభుత్వం కొన్నది కరెంటు, వివక్ష చూపింది సెల్స్ మీద. ప్యానెల్స్ కొన్నది డెవలపర్. కొన్న వస్తువూ, వివక్షకు గురైన వస్తువూ ఒకదానితో ఒకటి పోటీపడేవి కావు కాబట్టి మినహాయింపు చెల్లదు.

ఈ తర్కం అప్పటికప్పుడు పుట్టింది కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2009లో ఇలాంటి పథకమే తెచ్చింది. జపాన్, యూరోపియన్ యూనియన్ దాని మీద కేసు వేశాయి. 2013 మేలో డబ్ల్యూటీవో అప్పీలు సంస్థ ఇదే మాట చెప్పింది. ఒంటారియో ఓడిన నాడే మన కేసు సగం ఓడినట్టు.

మిగిలిన సగం కోసం భారత్ రెండు తలుపులు తట్టింది. ఒకటి 'కొరత' నిబంధన. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుల కరువు రోజుల్లో రాసుకున్నది అది. దాని అవసరం ఇంకా ఉందో లేదో 1960 జూన్ 30లోగా సమీక్షించాలని ఒప్పందంలోనే రాసి ఉంది. దేశంలో తయారీ లేకపోవడమే కొరత అని మనవాళ్లు వాదించారు. దిగుమతులు దొరుకుతున్నంతకాలం అది కొరత కాదని తేల్చారు. రెండోది చట్టాల అమలు. 2003 విద్యుత్ చట్టం, వాతావరణ ఒప్పందాల కింద మనకున్న బాధ్యతలు చూపించారు. అవి దేశీ సెల్సే వాడాలని చెప్పే చట్టాలు కావని కొట్టేశారు.

పర్యావరణ రక్షణకు ఇంకో నిబంధన ఉంది. దాన్ని భారత్ ఎత్తనే లేదు. దాని శక్తి మనకు తెలియక కాదు. 1998 నాటి రొయ్యల కేసులో భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఒకవైపు, అమెరికా ఒకవైపు. తాబేళ్లు తప్పించుకునే పరికరం వలకు పెట్టని దేశాల రొయ్యలు మాకొద్దని అమెరికా అంది. తాబేళ్లను కాపాడటం న్యాయమైన ఉద్దేశమేనని అప్పీలు సంస్థ ఒప్పుకుంది, అమలు చేసిన తీరులో వివక్ష ఉందని తప్పుపట్టింది. కోస్తాంధ్ర ట్రాలర్ల వాళ్లకు ఆ పరికరం సంగతి బాగా తెలుసు. సోలార్ కేసులో అదే తలుపు తట్టాలంటే, ఇక్కడ తయారైన ప్యానెల్ బయటి ప్యానెల్ కంటే గాలిని ఎక్కువ శుభ్రం చేస్తుందని చూపించాలి. అది కుదరదు. మనకు కావాల్సింది ఫ్యాక్టరీ, ఉపాధి, ఒకే దేశం మీద ఆధారపడకుండా ఉండటం. ఆ మినహాయింపుల్లో ఫ్యాక్టరీ అన్న మాటకు చోటు లేదు. పరిశోధనకు, కాలుష్య నిబంధనలకు తగ్గట్టు యంత్రాలు మార్చుకోవడానికి ఇచ్చే సబ్సిడీలకు డబ్ల్యూటీవో 1995లో కొంత రక్షణ ఇచ్చింది. అది ఐదేళ్ల ప్రయోగం. 1999 చివర్లో గడువు తీరింది, ఎవరూ పొడిగించలేదు.

సోలార్ కేసులో డబ్ల్యూటీవో విచారణ బృందం తొలి తీర్పు 2016 ఫిబ్రవరి 24న వచ్చింది. పారిస్ సదస్సులో భారత్, ఫ్రాన్స్ కలిసి అంతర్జాతీయ సోలార్ కూటమిని ప్రకటించి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. అమెరికాలోనే సియెర్రా క్లబ్ లాంటి పర్యావరణ సంఘాలు ఈ కేసును తప్పుపట్టాయి. సెప్టెంబరులో అప్పీలు కూడా పోయింది. అదే నెలలో భారత్ ఎదురు కేసు వేసింది: వాషింగ్టన్, కాలిఫోర్నియా, మిషిగన్ సహా ఎనిమిది అమెరికా రాష్ట్రాలు కూడా స్థానిక సరుకుకే ప్రోత్సాహకాలిస్తున్నాయి కదా అని. 2019 జూన్‌లో అందులో గెలిచింది. అమెరికా అప్పీలుకు వెళ్లింది. ఆ డిసెంబరుకల్లా అప్పీలు బెంచిలో విచారణకు చాలినంత మంది సభ్యులే మిగల్లేదు, ఎందుకంటే కొత్త నియామకాలకు అమెరికానే అడ్డుపడుతూ వచ్చింది. చివరికి 2023 జూన్‌లో, మోదీ అమెరికా వెళ్లినప్పుడు, ఈ రెండు కేసులతో కలిపి ఆరు వివాదాలను రెండు దేశాలూ మాట్లాడుకుని ముగించాయి. అప్పటికి పది నెలల ముందే, 2022 ఆగస్టులో, అమెరికా తన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంలో స్వదేశీ సరుకు వాడిన ప్రాజెక్టులకు అదనపు పన్ను రాయితీ రాసుకుంది.

ఈలోగా ధర దాని దారిన అది పడిపోయింది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని సోలార్ పార్కు టెండర్‌లో సన్‌ఎడిసన్ 4 రూపాయల 63 పైసలకు కోట్ చేస్తే దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ అమెరికా కంపెనీ దివాలా తీసింది. దాని భారత ప్రాజెక్టులు హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో చేతికి వచ్చాయి. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. వినియోగదారుడికి మేలే. కానీ ఆ చౌకదనంలో ఎక్కువ భాగం చైనా ఫ్యాక్టరీలు ఇచ్చిందే.

ఓడిపోయాక ప్రభుత్వం వేరే దారులు వెతికింది. 2018లో సేఫ్‌గార్డ్ సుంకం, అంటే దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వేసే తాత్కాలిక పన్ను. 2022 ఏప్రిల్‌లో మాడ్యూల్స్‌పై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం కస్టమ్స్ సుంకం. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం మొదట 4,500 కోట్లు, తర్వాత మరో 19,500 కోట్లు. ప్రాజెక్టుల్లో వాడేందుకు ప్రభుత్వం ఆమోదించిన మాడ్యూల్స్ జాబితా. ప్రభుత్వ రంగ సంస్థలు తమ సొంత వాడకానికి పెట్టుకునే ప్లాంట్లకు మాత్రమే దేశీ షరతు పెట్టే 12,000 మెగావాట్ల పథకం కూడా వచ్చింది. ఈ చివరిది జెనీవా తీర్పును పంక్తి పంక్తీ చదివి రాసినట్టు ఉంటుంది: ప్యానెల్స్ ఈసారి ప్రభుత్వమే కొంటుంది, కరెంటూ ప్రభుత్వమే వాడుకుంటుంది.

హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు చిప్‌ల కోసం తలపెట్టిన ఫ్యాబ్ సిటీలో ఇప్పుడు సోలార్ సెల్స్ తయారవుతున్నాయి. 2024 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం 2026 జూన్ 1 నుంచి సెల్స్‌కు కూడా ఆమోదిత జాబితా వర్తిస్తుంది. ఆ సెల్‌కు ముడిసరుకైన వేఫర్, అంటే పలుచని సిలికాన్ బిళ్ల, మాత్రం ఇప్పటికీ ఎక్కువగా చైనా నుంచే వస్తోంది.