క్వేలాప్ గోడలోకి నీళ్లు ఎలా వచ్చాయి?

2022 ఏప్రిల్ 10న పెరూ ఉత్తర భాగంలోని క్వేలాప్ కోటలో దక్షిణం వైపు గోడ కొంత మేర కూలిపోయింది. అంతకుముందు వానలు గట్టిగా పడ్డాయి. కోటను వెంటనే మూసేశారు. మళ్లీ జనాన్ని లోపలికి పంపింది 2023 ఆగస్టులో, అదీ కొంత భాగానికే. వానల వల్ల కూలింది అనడం నిజమే. కానీ ఆ నీటి సమస్య చాలా పాతది.

ఉట్కుబాంబా లోయ పైన, సముద్ర మట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటుందీ కోట. అక్కడ మబ్బు చెట్ల మధ్యనే తిరుగుతుంది. కొమ్మల నిండా నాచు, ఆర్కిడ్లు. వాన లేని రోజున కూడా ఆకుల నుంచి నీరు బొట్లుబొట్లుగా రాలుతూనే ఉంటుంది.

కట్టింది చాచాపోయా ప్రజలు. ఆండీస్ కొండల్లో పెద్ద సామ్రాజ్యం ఏలిన ఇంకా రాజులు ఈ సీమను గెలుచుకున్నది 1470ల ప్రాంతంలో. అప్పటికే కోట వయసు కొన్ని వందల ఏళ్లు. పొడవు 600 మీటర్లకు దగ్గరగా, వెడల్పు 110 మీటర్లు, గోడ కొన్నిచోట్ల 20 మీటర్ల ఎత్తు. లోపల 400కు పైగా గుండ్రటి ఇళ్ల ఆనవాళ్లున్నాయి. లోపలికి వెళ్లే దారి పోనుపోను ఇరుకై, చివరికి ఒక్క మనిషి మాత్రమే పట్టేంత అవుతుంది.

అసలు సంగతి ఆ గోడ కట్టిన తీరులో ఉంది. మనకు బయటికి కనిపించేది చెక్కిన సున్నపురాయి వరస. దాని వెనక ఉన్నదంతా మట్టి, రాళ్లు నింపిన మెరక, ఇళ్లున్నది దాని మీదే. మెరకలోకి నీరు ఇంకితే మట్టి బరువెక్కి రాతి వరసను బయటికి తోస్తుంది. ఆ సంగతి కట్టినవాళ్లకు తెలుసు, నీరు పోవడానికి కాలువలు పెట్టారు. మనుషులు కాపురం ఉన్నంతకాలం వాటిని శుభ్రం చేసుకుంటూ ఉండేవాళ్లనే నాకనిపిస్తుంది. స్పెయిన్ వాళ్లు వచ్చాక, 16వ శతాబ్దంలో, ఊరు ఖాళీ అయింది. వేర్లు రాళ్ల సందుల్లోకి దిగాయి.

1843లో హువాన్ క్రిసోస్తొమో నియెతో అనే జడ్జి ఒక భూమి వ్యవహారం మీద అటు వచ్చి కోటను చూశాడు. కోటను కనిపెట్టింది ఆయనే అని చాలాచోట్ల రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. చుట్టుపక్కల రైతులకు ఆ కోట ఎప్పుడూ తెలుసు.

ఆ తర్వాత కూడా చాలాకాలం అక్కడికి చేరడం కష్టంగానే ఉండేది. 2017లో రోప్‌వే వచ్చింది. గంటన్నర ఘాట్ రోడ్డు ప్రయాణం, 4 కిలోమీటర్ల తీగ మీద 20 నిమిషాలకు తగ్గిపోయింది. సందర్శకులు పెరిగారు, కింద న్యువో టింగో ఊరికి నాలుగు డబ్బులు వచ్చాయి. 2021 నవంబరు 28న 7.5 తీవ్రతతో భూకంపం ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. దగ్గర్లోని లా హాల్కాలో పాత చర్చి గోపురం కూలింది. అయిదు నెలలు తిరగకుండానే క్వేలాప్ గోడ పడింది.

అలాగని మూసిపెట్టడమే దారి అనను. ఇదే చాచాపోయాల సీమలో ఉన్న గ్రాన్ పహతేన్ అనే పాత శిథిలాలను 1960లలో చెట్లు కొట్టి బయటపెట్టారు, ఎండా వానా తగిలి రాళ్లు దెబ్బతిన్నాయి. ఇప్పుడక్కడికి టూరిస్టులను పంపడం లేదు. క్వేలాప్‌కు ఆ గతి పట్టకూడదంటే, టికెట్ డబ్బులో మొదటి వాటా కాలువలకూ గోడకూ పోవాలి. రోప్‌వే కట్టకముందే చేయాల్సిన పని అది.