రాణి ముద్ర నుంచి రైతు సంతకం దాకా: కంపెనీ చార్టర్ కథ

కోనసీమలో కొబ్బరి రైతులు ప్రొడ్యూసర్ కంపెనీ (ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే కంపెనీ) పెట్టుకుందామని కూర్చుంటే ముందు వచ్చే ప్రశ్నలు రెండే: వాటా ఎంత, రుణం ఎప్పుడు? కంపెనీ పుట్టుకకు రాసుకునే పత్రాలైన మెమొరాండం, ఆర్టికల్స్ మాత్రం ఆడిటర్‌కు వదిలేస్తారు. కంపెనీకి చట్టం దృష్టిలో ప్రాణం పోసేది ఆ కాగితాలే. పాతకాలంలో ఈ పని చేసిన పత్రం, పాలకులు ఇచ్చేది, పేరు చార్టర్.

చార్టర్ల రుచి గోదావరి డెల్టా ఎప్పుడో చూసింది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండన్ వర్తకులకు ఒకటి ఇచ్చింది. దానితో ఆ గుంపు, అంటే ఈస్టిండియా కంపెనీ, చట్టం దృష్టిలో ఒకే వ్యక్తిగా మారింది. సొంత ముద్ర, ఆస్తి ఉంచుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు, సభ్యులు పోయినా కంపెనీ మిగులుతుంది. పైగా తూర్పు దేశాల వర్తకంపై 15 ఏళ్ల గుత్తాధిపత్యం. 1602లో డచ్చివారికి, 1664లో ఫ్రెంచివారికి తమ తమ ప్రభుత్వాలు ఇలాంటి పత్రాలే ఇచ్చాయి. డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు నరసాపురం పక్క మాధవాయపాలెంలో, ఫ్రెంచివారు యానాంలో దిగారు. మాధవాయపాలెం బట్ట యూరప్‌లో మదపొల్లం అయింది. నేసినవాడికి ఆ పత్రాల్లో చోటేమీ లేదు.

చార్టర్ పాలకుల దయ, ఇచ్చినవారే కత్తిరించగలరు. 1813లో పార్లమెంటు ఇంగ్లీషు కంపెనీకున్న భారత వర్తకపు గుత్తాధిపత్యాన్ని తీసేసింది, 1833లో వ్యాపారమే మానుకోమంది. పరిపాలన మాత్రం మిగిలింది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టింది సరుకు అమ్మని కంపెనీ అన్నమాట!

దయ స్థానంలో రిజిస్ట్రేషన్ వచ్చింది ఇంగ్లండులో 1844లో, ఇక్కడ 1850లో. పరిమిత బాధ్యత, అంటే కంపెనీ అప్పులకు సభ్యుడి పూచీ తన వాటా మేరకే, ఇక్కడ 1857లో తోడైంది. చార్టర్ పని మెమొరాండంకు దక్కింది. కంపెనీ పేరు, ఏ రాష్ట్రంలో ఆఫీసు, ఎందుకు పుట్టింది, సభ్యుల బాధ్యత ఎంత, మూలధనం ఎంత అన్నవి అందులో ఉంటాయి. కంపెనీ లోపలి నియమాలు ఆర్టికల్స్‌లో. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ పుట్టింది ఈ దారిలోనే.

వీటిలో అసలు కీలకం మెమొరాండంలోని ఉద్దేశాల నిబంధన, అంటే కంపెనీ ఎందుకు పుట్టిందో చెప్పే భాగం. అందులో లేని పనికి చేసుకున్న ఒప్పందం, వాటాదారులంతా సరేనన్నా చెల్లదని అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి కోర్టు కూడా అయిన ప్రభువుల సభ 1875లో తేల్చింది. మన కోర్టులూ ఆ సూత్రాన్నే పట్టుకున్నాయి.

కంపెనీల చట్టానికి 2002లో చేసిన సవరణతో పదిమంది ఉత్పత్తిదారులు కలిసినా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. వ్యక్తులే సభ్యులైన చోట వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. అరెకరం తోట ఉన్నవాడికి దీన్ని మించిన రక్షణ నాకు కనిపించదు. ఉద్దేశాలు మార్చాలంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి. కాబట్టి కొబ్బరితో పాటు కోకో, అరటి కూడా అమ్మే ఆలోచన ఉంటే సంతకానికి ముందే రాయించుకోవడం మేలు.