కూలింగ్ లేని బీరుకు మార్కులెట్లా వేయాలి? విదేశీ బీరు, సైడర్‌పై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైన్ షాపుల్లో బీరు గురించి అడిగేవి రెండే ప్రశ్నలు. కూలింగ్ ఉందా? స్ట్రాంగా, లైటా? ఆ రెంటినీ వెంటబెట్టుకుని ప్రేగ్‌లోనో బ్రస్సెల్స్‌లోనో దిగి, ఫోన్ యాప్‌లో మార్కుగా చుక్కలు (స్టార్లు) వేసేస్తే నిక్షేపంలాంటి బీరుకు రెండు, ఎండకు చెడినదానికి నాలుగు పడతాయి.

అపోహ: ఎంత చల్లగా ఉంటే అంత మంచి బీరు.

చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనను పైకి లేవనివ్వదు. బీరు రుచిలో సగానికి పైగా పని ముక్కుదే. లాగర్‌కు (చల్లగా పులియబెట్టే బీరు) 4 నుంచి 7 డిగ్రీలు, బెల్జియం ఏల్స్‌కు (కాస్త వెచ్చగా పులియబెట్టే బీర్లు) 8 నుంచి 12, ఇంగ్లండ్ పబ్బుల్లో చేతిపంపుతో తోడిపోసే కాస్క్ ఏల్‌కు 11 నుంచి 13 డిగ్రీలు సరిపోతాయి. "ఏంది సామీ, వెచ్చగా ఉంది" అని మనవాళ్లు వెనక్కి పంపేది ఈ చివరిదాన్నే. దాన్ని నేలమాళిగలో ఆ వేడిలోనే ఉంచుతారు, అలాగే పోస్తారు. గ్లాసు మరీ చల్లగా వస్తే రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి. మొదటి గుక్కకు ఒక మార్కు, పావుగంటకు ఇంకో మార్కు రాసుకోండి. మంచు పట్టించిన గ్లాసు ఇస్తే మామూలు గ్లాసు అడగండి. ఆ మంచు కరిగి బీరులోనే కలుస్తుంది.

అపోహ: చెక్ మెనూలో 12° అంటే 12 శాతం ఆల్కహాల్.

కాదు. పులియకముందు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసంలో బరువు లెక్కన ఎంత చక్కెర, ఇతర సారం ఉందో చెప్పే అంకె అది. 12° బీరు పులిశాక సుమారు 5 శాతం, 10° అయితే 4 శాతం దగ్గర ఆగుతుంది. 1842లో చెక్ ఊరు ప్లజెన్‌లో మొదలైన పిల్స్నర్ ఉర్క్వెల్ 4.4 శాతమే.

అపోహ: నల్ల బీరు ఘాటు.

ఐర్లండ్ నల్ల బీరు గిన్నిస్ డ్రాట్ 4.2 శాతం. బెల్జియం బంగారు రంగు బీరు డువెల్ 8.5. నలుపు మాడబెట్టిన బార్లీది, మత్తుది కాదు.

అపోహ: నురగ పోస్తే మోసం చేసినట్టే.

మన దగ్గర గ్లాసు వంచి, నురగ రాకుండా పోయడమే నేర్పు. చెక్ దేశంలో రెండు మూడు వేళ్ల మందం నురగ లేకపోతే పోసినవాడికి పని రాదంటారు. వాసనను పట్టి ఉంచేది, గాలి తగలకుండా కాపాడేది ఆ నురగే. అది పోసీ పోయకముందే చచ్చిపోతే గ్లాసు లోపలి గోడ చూడండి. బుడగలు పైకి పోకుండా గోడకు అంటుకుని ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదు, జిడ్డుంది. వేపుడు ముక్క తిన్న పెదాలు ఆనించినా నురగ కూలుతుంది. అప్పుడు బీరుకు మార్కులు కోయకండి.

అపోహ: పుల్లగా ఉన్నా, మడ్డిగా ఉన్నా పాడైనట్టే.

కల్లు తెలిసినవాళ్లు ఈ మాట అనకూడదు. తాటికల్లులో ఈస్టు ఎవరూ వేయరు, గాలిలోదీ ముంతలోదీ చాలు. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. ముంతకు సున్నం పూస్తేనే పులియదు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరుదీ ఇదే దారి. కాచిన రసాన్ని లోతులేని పెద్ద తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచి, తర్వాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు వదిలేస్తారు. కొత్త లాంబిక్‌నూ పాతదాన్నీ కలిపి సీసా కడితే గోజ్. పులుపు దాని గుణం. జర్మనీ గోధుమ బీరులో మడ్డి ఈస్టుదే. అరటిపండు, లవంగం వాసనలూ దాని పుణ్యమే. సీసా అడుగున కొంచెం ఉండగా గిరగిరా తిప్పి ఆ మడ్డినీ పోసుకోవాలి.

అసలు లోపాలు వేరు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. వెన్న వాసన తొందరపడి పులియబెట్టడం వల్ల రావచ్చు, శుభ్రం చేయని గొట్టాల వల్లా రావచ్చు. వేరే పబ్బులో అదే బీరు తాగి చూస్తే తేలిపోతుంది. కాలిన రబ్బరు లాంటి కంపు వెలుతురు దెబ్బ. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు పదార్థాలపై వెలుగు పడి గంధకం కలిసిన పదార్థం పుడుతుంది. గోధుమరంగు సీసా కాపాడుతుంది, పచ్చ, తెల్ల సీసాలు పెద్దగా కాపాడవు. ఎండలో బల్లమీద పెట్టిన గ్లాసుకైతే కొద్ది నిమిషాలు చాలు. "ఇంపోర్టెడ్ రుచి" అని కొందరు మురిసిపోయేది ఈ కంపుకే!

అపోహ: సైడర్ అంటే తియ్యటి ఆపిల్ బీరు.

ఇందులో ధాన్యపు గింజా లేదు, కాచడమూ లేదు. ఆపిల్ రసం పులిస్తే సైడర్, కాబట్టి వైన్‌కే దగ్గర చుట్టం. అమెరికాలో ఉత్త సైడర్ అంటే పులియని రసమే రావచ్చు, హార్డ్ సైడర్ అని అడగాలి. ఫ్రాన్స్‌లో సీసా మీద డూ అని ఉంటే తీపి, బ్రూట్ అంటే తీపి తక్కువ.

స్పెయిన్‌లోని ఆస్తూరియాస్‌లో సీసాను తలమీదికెత్తి, గ్లాసును తొడ దగ్గర వంచి పట్టుకుని, సన్నటి ధార గ్లాసు అంచు లోపలికి కొట్టేలా పోస్తారు. టీ కొట్టు మాస్టరు ఎత్తి పోసినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ పోసేది అడుగున రెండు వేళ్లు. ఆ దెబ్బకు గాలి కలిసి వాసన విచ్చుకుంటుంది, నిమిషంలోపే పోతుంది. వెంటనే తాగేయాలి. పది నిమిషాలు చప్పరించి "చప్పగా ఉంది" అని రాస్తే తప్పు సైడర్‌ది కాదు.

ఇంగ్లండ్ పశ్చిమ జిల్లాల సైడర్ దగ్గర మన భాష ఆదుకుంటుంది. అక్కడి ఆపిల్స్‌లో టానిన్ ఎక్కువ. అది ఇచ్చేది చేదొక్కటే కాదు, వగరు కూడా. పచ్చి అరటికాయ కొరికినట్టు బుగ్గల లోపల పట్టేస్తుంది. చేదునూ వగరునూ రెండు గడుల్లో రాయండి.

అపోహ: నచ్చితే ఎక్కువ, నచ్చకపోతే తక్కువ.

అమెరికా బీరు జడ్జిల సంఘం బీజేసీపీ పత్రంలో 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద ఎలా అనిపించిందో దానికి 10. ఆ రకం బీరు ఎలా ఉండాలో దాన్ని బట్టే ఇవన్నీ. మీకు నచ్చిందా లేదా అన్నది పక్కన వేరే గీతలో రాసుకోండి.

గ్లాసుకు 100 మి.లీ., ఒక పూటకు ఆరు. అంతా కలిపితే మన పెద్ద సీసా 650 మి.లీ.కి కాస్త తక్కువ. లేత రంగువి, గోధుమవి ముందు, హాప్స్ ఎక్కువున్నవి తర్వాత, ఘాటువి, పొగ వాసనవి చివర. మధ్యలో నీళ్లు, ఉత్త బ్రెడ్డు. ఉప్పులేని బొరుగులు దొరికితే ఇంకా మేలు. ఆవకాయ, చేపల పులుసు రుచిచూపు అయ్యాకే: కారం మీద గ్యాస్ పడితే మంట తప్ప ఇంకేమీ తెలియదు.

ఇంటికి తెచ్చుకునేవాళ్లకు సుంకం లేకుండా వదిలేది మనిషికి 2 లీటర్లు. 330 మి.లీ. సీసాలు ఆరు పెడితే 1.98 లీటర్లు. ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసిన ఏల్) తేవద్దు, హాప్స్ వాసన నెలల్లోనే వాడిపోతుంది. గోజ్, ఘాటైన నల్ల బీర్లు తట్టుకుంటాయి. వాటిని ఫ్రిజ్‌లో ఒకరోజు నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. తాగే ముందు అరగంట బయట పెట్టండి. మే నెల నెల్లూరులోనైతే పది నిమిషాలు.